మసక బల్బుల కింద మోగిన గిటారు

గిటారు కనకయ్య ఇక లేడన్న దుర్వార్తను ఊరూరికీ మోసే పని విధి నాకు అప్పగించింది. విధికి కూడా కాస్త హాస్యం తెలుసనుకుంటాను. లేకపోతే మిమిక్రీ చేసుకుని బతికే నన్నే ఏరుకునేది కాదు. ఆయన పోయిన తెల్లవారి ఖమ్మంలో దవాఖానా ఎదురుగా ఉన్న టెలిఫోన్ బూత్ నుంచి మా ఆర్కెస్ట్రా వాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. తబలా ఆయన, "పొద్దుగాల్నే ఏం పరాచికాలు ర? ఇయ్యాల ఎవని గొంతుతోటి మాట్లాడుతున్నవ్?" అని పెట్టేశాడు. ఓనరు ప్రకాశరావు గారు, "ఏవయ్యా, చావుతో కూడా వేళాకోళమేనా?" అని తిట్టారు. రెండోసారి చేసి ఏడిస్తే, "ఏడుపు బానే ప్రాక్టీసు చేశావు" అన్నారు. ఇన్నేళ్లూ ఊళ్లో వాళ్లందరి గొంతులూ అరువు తెచ్చుకుని నవ్వించినందుకు, నా సొంత గొంతుతో ఏడ్చిన నాడు నమ్మేవాడు లేకుండా పోయాడు.

చండ్రుగొండలో మోటారు వైండింగ్ షాపు నడిపిన కనకయ్య నాకు బావ, మా అక్క సరోజ భర్త. ఇల్లందు నుంచి భద్రాచలం దాకా పెళ్లి పందిళ్లలో, నవమి పందిళ్లలో మా ఆర్కెస్ట్రాను విన్నవారికి ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ ఆయన గిటారు తెలిసే ఉంటుంది. ఆయన జ్ఞాపకార్థం ఈ సంచిక తెస్తున్న మిత్రులు 'కీర్తిశేషుడు' అన్న మాట మరవకుండా రాయమన్నారు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, ఆ మాటకు సరిగ్గా అర్థం చెప్పలేను. కీర్తి ఏమైనా శేషించిందేమో నాకు తెలియదు. నా కళ్లముందు శేషించినవి ఒక గిటారు, ఒక కరెంటు పెట్టె, మా అక్క.

ఆయన వృత్తి గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో మా వైపు కరెంటు అంటే పేరుకే. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళకు వోల్టేజి పడిపోయేది. బల్బు లోపలి తీగ మగ్గిన తాటిపండు రంగులో కనపడేది తప్ప దాని వెలుగులో అన్నంలో రాయి కనపడేది కాదు. ఆ తక్కువ కరెంటుకు మోటార్లు మూలిగి మూలిగి కాలిపోయేవి. కాలిన మోటార్లు మా బావ షాపు ముందు వరస కట్టేవి. ఎండిపోతున్న మిరపతోటను తలుచుకుని రైతు అక్కడే తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. ప్రోగ్రాం జీపు హారన్ కొడుతున్నా బావ లేచేవాడు కాదు. "తోట ఎండుతది, పాట ఎండదు. జరంత ఆగుమను" అనేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాగి తీగ చుట్టు మీద చుట్టు వేస్తూ, "చుట్టేటోనికి తొందర పనికి రాదు బామ్మర్దీ. ఒక్క చుట్టు తప్పితే మోటారు బతికినంత కాలం మనల్ని తిట్టుకుంట తిరుగుతది" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక గిటారు. డెబ్బైల్లో కొత్తగూడెం గనుల్లో ఉద్యోగం చాలించి, ఇంగ్లండుకు తరలిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ దొర ఇంట్లో ఫ్యాన్లు బాగుచేయడానికి బావ వెళ్లాడు. మూలన గిటారు, దాని పక్కన గాజు వాల్వుల ఆంప్లిఫయరు పెట్టె కనపడ్డాయి. పని అయ్యాక కూడా కదలకుండా దాన్నే చూస్తున్న మనిషిని చూసి, ఆ దొర రెండూ ఎత్తి చేతిలో పెట్టాడు. సరిగమలు చెప్పే గురువు లేడు. రేడియో ముందు కూర్చుని, వేళ్లు పగిలేదాకా తానే నేర్చుకున్నాడు. "బావా, ఫ్యాన్ బాగుచేస్తే గిటారు ఇచ్చిండు. బావి మోటారు చేస్తే పియానో ఇస్తుండెనేమో" అని నేనంటే, "ఇచ్చినా నువ్వు అండ్ల కోళ్లు పెడుదువు" అన్నాడు.

ఆ గిటారు నాదాన్ని వర్ణించేంత పాండిత్యం నాకు లేదు. గంగా ప్రవాహంలా, అమృతధారలా ఉండేదని రాస్తే అబద్ధం. ఏడ్చి ఏడ్చి అప్పుడే ఊరుకున్న మనిషి, ముక్కు తుడుచుకుని మొదటి మాట మాట్లాడినట్టు ఉండేది. మీటినప్పుడు తీగ గట్టిగా అరిచేది కాదు. కొంచెం తగ్గి, నలిగి, అంచుల్లో సన్నగా చిరిగి, తర్వాత మెల్లగా ఉబికి వచ్చేది. బావ ఒక్కడే వాయించే ఆ రెండు నిమిషాలు పెళ్లి భోజనాల దగ్గర కూడా ఆకుల చప్పుడు ఆగేది. జనం నా మిమిక్రీకి నవ్వి ఇంటికి పోయేవాళ్లు. ఆయన గిటారును మాత్రం వెంట తీసుకుని పోయేవాళ్లు.

ఎనభైల నడుమ ఒక వేసవిలో రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది, ఇల్లందులో చిందులు తట్టుకోలేక స్టేజీ కూలింది. గిటారు మెడ విరిగి, దాని మీద డ్రమ్ములు పడి, ఇక అతికే వీలు లేకుండా పోయింది. రెండోది, మా మండలానికి కొత్త సబ్‌స్టేషన్ వచ్చింది. ఆ సాయంత్రం వీధి బల్బులు మొదటిసారి తెల్లగా వెలిగితే ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూశారు. హైదరాబాదు నుంచి కొత్తగా తెచ్చుకున్న, కొత్త పెళ్లికొడుకులా మెరిసే గిటారుతో బావ ఆ సబ్‌స్టేషన్ ప్రారంభ సభలోనే వాయించాడు. పాత పెట్టెకే తగిలించాడు, పాత పాటే ఎత్తుకున్నాడు. నాదం మాత్రం స్టీలు గిన్నె మీద గరిటె కొట్టినట్టు వచ్చింది. ఆంప్లిఫయరు అదే, వేళ్లు అవే. మారింది గిటారొక్కటే. కాబట్టి తప్పు గిటారుదే అని తీర్పు చెప్పేశాడు. ఎవరైనా అదే చెబుతారు.

ఆ తీర్పుతో పదేళ్ల అన్వేషణ మొదలైంది. దాన్ని తపస్సు అనండి, పిచ్చి అనండి. కొత్త కట్టె పచ్చిగా ఉందని, అశ్వారావుపేట దగ్గర తెలిసిన రైతు పొగాకు ఆరబెట్టే వేడి బ్యారన్‌లో ఆకుతోపాటు గిటారును కూడా వేలాడదీశాడు. జిగురు ఊడి, మెట్లు కదిలి, పొగాకు కంపుతో తిరిగొచ్చింది. "బావా, పాతగయ్యిందో లేదో గని, చుట్ట అలవాటైంది దీనికి" అన్నాను. నవ్వలేదు. తీగల కింది అయస్కాంతాల మీది చుట్టను విప్పి, జుట్టుకన్నా సన్నని తీగ తెచ్చి, మోటారుకు చుట్టినంత భక్తిగా మళ్లీ చుట్టాడు. విప్పాడు, చుట్టాడు. మధ్యలో సబ్‌స్టేషన్ పుణ్యమా అని మోటార్లు కాలడం తగ్గి, షాపు బోసిపోయింది. "మంచిదే గద ర, రైతు బతికిండు" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ తర్వాత ఖాళీ బల్లమీద గిటారును పడుకోబెట్టి, జ్వరం చూసే డాక్టరులా దాని మీదికి వంగాడు.

ఈలోగా ప్రకాశరావు గారు కీబోర్డు కొన్నారు. ఒక మీట నొక్కితే వీణ, ఇంకోటి నొక్కితే సన్నాయి, మూడోది నొక్కితే గిటారు. దాన్ని చూసి బావ నా భుజం మీద చెయ్యేసి, "ఇది నీ లెక్కనే ర బామ్మర్దీ. అందరి గొంతులు చేస్తది, ఏ గొంతుకూ ఆకలి గాదు" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆ మాట నన్ను ఎక్కడ పట్టుకోబోతుందో అప్పుడు తెలియదు.

కిందటేడు వానలు తగ్గాక ప్రకాశరావు గారు ఇంటికే వచ్చి చెప్పారు. "కనకయ్య గారూ, మీరంటే నాకు గౌరవమండీ. కానీ మీ గిటారులో ఆ పాత కళ లేదని మీకే తెలుసు. ఇల్లందు ప్రోగ్రాం దాకా చూద్దాం. అక్కడ మీ పాత నాదం పలికితే సరి. లేదంటే ఇక కీబోర్డుతో సర్దుకుంటామండీ." బావ తలూపాడు. చాయ్ తాగి వెళ్లమన్నాడు. ఆయన వెళ్లాక అక్కతో, "తప్పేమన్నడే? ఉన్నదే అన్నడు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదని అక్క చెప్పింది.

ఇల్లందు కన్నా ముందు ఒక పెళ్లి ప్రోగ్రాం పడింది. భద్రాచలం దాటాక, చర్ల దారిలో, అడవి లోపలి ఊరు. ఈ పదేళ్లూ ప్రతి ప్రోగ్రాంకూ మా వెంట తిరిగిన జనరేటరు ఆరోజు దీపాల వేళకు మొరాయించింది. పెళ్లివారి ఇంటి కరెంటుకే తగిలించాం. పందిట్లో బల్బులన్నీ ఒక్కసారి నారింజ రంగుకు దిగిపోయాయి. కీబోర్డు ఆరిపోయింది. నేను మైకు దగ్గరికి పరిగెత్తి కోతి గొంతు ఎత్తుకోబోయాను. వెనక బావ తీగ మీటాడు.

ఏడ్చి ఊరుకున్న ఆ మనిషి మళ్లీ మాట్లాడాడు.

నేను కోతిని మింగేసి వెనక్కి తిరిగాను. బావ వాయించడం లేదు. చెయ్యి గాల్లోనే ఉంది. కళ్లు బల్బు మీద ఉన్నాయి. మళ్లీ మీటాడు. మళ్లీ అదే నాదం. "వోల్టేజి ర!" అన్నాడు. "వోల్టేజి బామ్మర్దీ! కరెంటు తక్కువైతే ఆ వాల్వులకు ఊపిరి ఆడదు, గందుకే గట్ల పలుకుతది. పదేండ్ల సంది దీన్ని తిట్టిన. బ్యారన్ల ఏలాడదీసిన. దీని తప్పేం లేదు ర." కొత్త గిటారు మెడను, తప్పిపోయి దొరికిన బిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు. మెల్లగా అన్నాడు, "నా అన్నం, నా పాట రెండూ ఒక్క తీగలనే వచ్చినయ్. మోటార్లను కాల్చిందీ గదే, గిటారును పలికిచ్చిందీ గదే. దినాం చేతులు పెట్టేటోణ్ణి, నాకే తెల్వకపాయె."

మర్నాడు అందరం తిరిగొచ్చాం. ఆయన ఇంట్లో కాలు నిలవలేదు. ఎంత కరెంటుకు ఆ నాదం వస్తుందో మీటరు పెట్టి చూడాలని మళ్లీ ఆ ఊరికే బయల్దేరాడు. అక్క అడ్డం పడింది. "ఆడ ఇంటింటికి చలిజరం ఉన్నదట. పోకు." నేను నా వంతు అడ్డం పడ్డాను. "బావా, లోకమంత కరెంటు ఎక్కువ గావాలని ధర్నా చేస్తది. నువ్వు తక్కువ గావాలని అడవికి పోతున్నవా?"

"అవ్ ర. ఏం జేస్త? మంచి కరెంటు మన దిక్కు రానే వచ్చె."

అక్కడ ఎవరింటి అరుగు మీదో పడుకుని, దోమల మధ్య మీటరు ముల్లును చూసుకుని, లెక్క తెలుసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే షాపులో కూర్చుని ఒక పెట్టె చుట్టాడు. టీవీ బతకాలని కరెంటును పెంచే స్టెబిలైజర్లు జనం కొనుక్కుంటుంటే, మా బావ కరెంటును తగ్గించే పెట్టెను తయారుచేశాడు. తిప్పే మీట పక్కన అక్క గోళ్ల రంగుతో ఎర్ర గుర్తు పెట్టాడు. మీట అక్కడికి తిప్పితే షాపు బల్బు నారింజ రంగుకు దిగేది, గిటారు పలికేది. ఆ నాదం అక్క విన్నది. నేను ఆరోజు ఖమ్మంలో ఏదో పుట్టినరోజు పండక్కి కుక్కలా మొరుగుతున్నాను.

ఇల్లందు ప్రోగ్రాం ముందురోజు ఆయనకు చలి మొదలైంది. దుప్పట్లు కప్పుతూ పోయారు, ఆగలేదు. ఖమ్మం దవాఖానాకు చేర్చేసరికి మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. అక్క ఆయన పక్కన ఉంది. నేను ఇల్లందులో ఉన్నాను, ఎందుకంటే ప్రోగ్రాం ఆగదు. బావ పాట వచ్చినప్పుడు కీబోర్డు కుర్రాడు మూడో మీట నొక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను జనంలోకి చూస్తూ నిలబడ్డాను. ఎవరో ఒకరు, ఒక్కరంటే ఒక్కరు, 'గిటారాయన ఏడీ?' అని అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు. ఆయన ప్రాణం తర్వాత ఎప్పుడో పోయిందని దవాఖానా కాగితం చెబుతుంది. నా లెక్కలో ఆ చప్పట్ల దగ్గరే పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున అక్క షాపు తలుపులు తీసింది. పెట్టె ముందు కూర్చుని, "తమ్మీ, ఇది తిప్పితే ఏమన్న అయితదా?" అని అడిగింది.

"ఏం గాదక్కా. బల్బు మసకైతది, గంతే."

ఎర్ర గుర్తు దాకా తిప్పింది. బల్బు నారింజ రంగుకు దిగింది. ఆంప్లిఫయరు సన్నగా రొద పెట్టింది. గిటారు గోడకు ఆనుకుని ఉంది.

"అన్నీ ఉన్నయ్ గద ర" అంది. ఇంకాసేపటికి నా వైపు చూడకుండానే, "అందరి గొంతులు చేస్తవ్. ఆయన లెక్క ఒక్కపాలి పిలువవా?"

"పిలిస్తే చాయ్ పెట్టాల్సి వస్తది మరి" అన్నాను. జోకు వేయకపోతే ఏడ్చేసేవాణ్ణి.

"పెడ్త తియ్."

గోడ వైపు తిరిగాను. ఊపిరి తీసుకున్నాను. "సరోజా, చాయ్ అయ్యిందా?" అచ్చం ఆయనే. ఆ జీర, పేరు చివర ఆ చిన్న సాగదీత, వెనకున్న ఆ అలసట, ఏదీ తప్పిపోలేదు. నా బతుకులో ఇంత బాగా ఎవరి గొంతూ చేయలేదు.

అక్క మీటను మళ్లీ మొదటికి తిప్పింది. బల్బు తెల్లగా వెలిగింది.

"గొంతు ఆయనదే ర" అంది. "ఆయన లేడు, గంతే."

బావా, నాకు ఆకలి కాదని అన్నావు. ఇప్పుడవుతోంది. ఈ సంచికలో పెద్దవాళ్లు నీకు శ్లోకాలతో నివాళి అర్పిస్తారు. నేను వేలమందిని అనుకరించినవాణ్ణి, నీకు మాత్రం నా సొంత గొంతుతో దండం పెడదామని నీ సంతాప సభలో మైకు ముందు నిలబడ్డాను. ఫుల్ కరెంటు ఉంది, బల్బులు తెల్లగా మండుతున్నాయి, జనం కూర్చుని ఉన్నారు. గొంతు పలకడం లేదు.