బోణీ బేరం

మా ఆడపడుచు హైదరాబాదు నుంచి వచ్చింది. నెల్లూరు కాజా నెల్లూరులోనే తినాలని, చేపల మార్కెట్టు కూడా చూడాలని తన కోరిక. నాకేమో ఆడపడుచు ముందు గొప్పలు పోయే బుద్ధి. బేరంలో నన్ను మించినవాళ్ళు లేరని దారి పొడవునా చెప్పుకుంటూ వచ్చాను.

కాజాల అంగళ్ళు ఇంకా తెరవలేదని ముందు మార్కెట్టుకు వెళ్ళాం. విడవలూరు వైపు నుంచి వచ్చిన ఒకామె అప్పుడే తట్ట దించి వంజరం చేపలు పరుస్తోంది. మొప్పలెత్తి చూసి, ఆమె చెప్పిన ధరలో సగానికి అడిగాను.

"బోణీ బేరమమ్మా. కొంచెం ఎక్కువేసి తీసుకో, వదిలేసి పోవద్దు," అనింది.

నిజానికి నాకు ఆరోజు చేపలే అక్కర్లేదు. నా నేర్పు చూపించాలి, అంతే. ఇంటికి పోయేసరికి పాడవుతాయని ఏదో సాకు చెప్పి లేచాను. ఆమె మళ్ళీ పిలవలేదు. తట్ట మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

తర్వాత కాజాల అంగడి. ఏసీ, అద్దాల బీరువాలు. యజమాని రుచికి చెరో ముక్క ఇచ్చి, "బోణీ మీదేనమ్మా," అన్నాడు. పావుకిలో చాలనుకుని వచ్చినదాన్ని, మారుమాట లేకుండా కిలో తూయించాను. బోణీ కాదని వెళ్ళిపోతే ఏం బాగుంటుంది? ఆయన నా డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు.

అది చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. అద్దాల వెనక నిలబడ్డాయనకు ఇచ్చిన మర్యాద, నేలమీద కూర్చున్నామెకు ఎందుకివ్వలేకపోయాను? తెలియక చేసిన పనైనా కాదు.

"చేపలు తీసుకుందాం పద," అని ఆడపడుచును వెనక్కి నడిపించాను.

"బోణీ అయిందా అమ్మా?" అని ఆమెను అడిగాను. మొహం చూడలేకపోయాను.

"అయిందిలే. పక్కనామె చేసింది."

పక్కనామె కూడా చేపలమ్మే మనిషే. ఆమె తట్ట నిండా వంజరాలే. వాటిలో కలపకుండా, గోనెపట్టా మీద ఒక చేప విడిగా పెట్టుకుని ఉంది. డబ్బిచ్చి కొనుక్కుంది.

"నువ్వడిగిన ధరకే తీసుకోమ్మా. ఎండెక్కితే నిలవవు," అంటూ ఈమె నాకు చేప ఎంచింది.

మొదట చెప్పిన ధరే ఇద్దామని నేను నోరు తెరిచేలోగా ఆడపడుచు ఆ సగం ధర ఆమె చేతిలో పెట్టేసింది. ఎక్కువ ఎందుకని తను అడిగితే ఏం చెప్పను? చేప సంచీలో వేసుకున్నాను.

ఆటో ఎక్కాక తను నా భుజం తట్టింది.

"వదిలేసి వెళ్తే ధర దిగొస్తుందని నీకు ముందే తెలుసు కదా వదినా? భలేదానివి."