మా నాన్న కక్కిన మందు

మా నాన్న తిండి గురించి మా ఊళ్లో కథలు చెప్పుకునేవాళ్లు. మిరప కోతల రోజుల్లో పొలం నుంచి వచ్చి, కొరివికారం కలిపిన అన్నం గిన్నెడు లాగించి, పక్కన కాల్చిన ఉప్పుచేప నంజుకుని, ఆ మీద చుట్ట వెలిగిస్తేగాని ఆయనకు భోజనం అయినట్టు కాదు. అలాంటి మనిషి ఒకరోజు నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు తోసేశాడు. కడుపు నిండిపోయిందన్నాడు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

మా ఇంట్లో వైద్యశాఖ మా మేనత్తది. నాన్నకు అక్క, మొగుడు పోయాక మాతోనే ఉండేది. ఆవిడకు తెలియని రోగం లేదు, ఒప్పుకున్న పొరపాటు లేదు. తిండి తగ్గితే ఒంట్లో వేడి అంది. గుండెల్లో మంటంటే పైత్యం అంది. చొక్కా వదులైతే దిష్టి అంది. వేడికి సబ్జా నీళ్లు, పైత్యానికి అల్లం రసం, దిష్టికి ఎండుమిరపకాయలు. పొయ్యిలో వేసిన కాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట. అవి మా పొలం కాయలు, మా వీధి వీధంతా దగ్గింది. అయినా దిష్టే అని తేల్చింది.

అరుగు మీదికి వచ్చిన పెద్దమనుషులు కూడా తలా ఒకటి చెప్పి, మజ్జిగ తాగి వెళ్లేవాళ్లు. "చిక్కితే చిక్కావుగాని, మొహంలో కళ వచ్చిందిరా" అన్నాడొకడు. నాన్న చిక్కిపోతుంటే ఊరికి కళ కనపడుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని మా అమ్మ మాత్రమే అంటుండేది. మా ఇంట్లో అమ్మ మాటకు ఉన్న విలువ అప్పటికి నాకు బాగానే తెలుసు.

వేడి, పైత్యం, దిష్టి అయిపోయాక అత్తయ్య చివరి అస్త్రం తీసింది. నాన్నకు ఎవరో మందు పెట్టారట. మొగుణ్ణి చెప్పుచేతల్లో ఉంచుకోవడానికి పెళ్లాం అన్నంలో ఏదో కలుపుతుందనీ, అది కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందనీ మావైపు నమ్మకం. ఎవరో అంటే ఇంకెవరు, వండేది అమ్మేగా. పైగా నేను స్కూలు ఫైనలు పాసైతే, అమ్మ మాట విని నాన్న ఆడపిల్లనైన నన్ను టీచరు ట్రైనింగుకు పంపడానికి ఒప్పుకున్నాడు. మొగుడు పెళ్లాం మాట విన్నాడంటే అత్తయ్యకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

నాన్న కాదనలేదు. వినుకొండ అవతల ఒక పల్లెలో పెట్టుడు మందు కక్కించేవాడు ఉన్నాడంటే బస్సెక్కాడు. తోడు నన్ను పంపారు. అక్కడ పాక ముందు మొగుళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్క పెళ్లాం లేదు. మొగుళ్లు పెళ్లాలకు ఏమీ పెట్టరు కాబోలు.

వైద్యుడు ఏదో ఆకు పసరు తాగించాడు. నాన్న పేగులు బయటికొచ్చేట్టు కక్కాడు. కాఫీ పిప్పిలాగా నల్లగా పడింది. అందులో చెయ్యి పెట్టి ఆ మనిషి ఒక జిగట ముద్ద తీసి చూపించాడు. అది నాన్న కడుపులోంచి వచ్చిందో, అతని గుప్పిట్లోంచి వచ్చిందో ఆ దేవుడికే ఎరుక. "ఆడమనిషి చేతి మందు. ఇంటో మనిషే" అన్నాడు. ఆ నల్లగా పడింది రక్తమని ఆ ఆవరణలో ఎవరికీ తెలియదు, నాతో సహా.

ఆ రోజు నుంచి అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అంట్లు, బట్టలు, గొడ్లు ఆమె వంతు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు మా ఇంటికొస్తే అమ్మ ఇచ్చిన మంచినీళ్లు కూడా పట్టుకుని కూర్చునేవాళ్లుగాని తాగేవాళ్లు కాదు. నాకు ఒళ్లు మండేది. నాన్న వంక చూసేదాన్ని. నాన్న చూరు వంక చూసేవాడు.

అత్తయ్య వంట మొదలైంది. నాన్న ఇంకా చిక్కాడు. ఒకరోజు అమ్మ పెరట్లో అంట్లు తోముతూ అంది: "వదినా, వినుకొండ నుంచి వచ్చినప్పటి నుంచీ వంట మీదేగా. మరిప్పుడు మందు ఎవరు పెడుతున్నట్టు?"

"పాతది ఇంకా దిగలా" అంది అత్తయ్య.

మర్నాడు అమ్మ చేతులు కడుక్కుని, ఎవరినీ అడక్కుండా, నాన్నను గుంటూరు బస్సెక్కించింది. వెనకే నేను.

డాక్టరు నాన్న పొట్ట నొక్కి చూసి, ప్రశ్నలు వేశాడు. విరేచనం నల్లగా తారులాగా అవుతోందా అని అడిగితే, అవుతోందండీ, చాన్నాళ్లయింది అన్నాడు నాన్న. అమ్మ ఆ మాట వినడం అదే మొదలు. ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా వచ్చిందా అంటే మాత్రం నాన్న లేదన్నాడు. తెల్లటి సుద్ద నీళ్లలాంటిది తాగించి ఎక్స్‌రే తీశారు. తర్వాత ఆపరేషను చేసి కడుపులో సగానికి పైగా తీసేశారు. రాచపుండు అన్నాడు డాక్టరు. మొదట్లోనే వస్తే పుండు మొత్తం తీసేసేవాణ్ణి, ఇప్పటికే పక్కలకు పాకింది అన్నాడు. ఎందుకొచ్చిందో ఖాయంగా చెప్పలేననీ, చుట్ట మానమనీ, ఉప్పులో ఊరిన చేపలు తగ్గించమనీ చెప్పాడు.

తర్వాతి కాలంలో నేను ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. కడుపులో కాపురం పెట్టే ఒక క్రిమి ఉందట, ఉప్పు ఉందట, పొగ ఉందట, వంశం ఉందట. పెళ్లాం పేరు ఎక్కడా కనపడలేదు.

అత్తయ్య చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మ కావాలనే ఆవిడ ముందు డాక్టర్ని అడిగింది: "కోసినప్పుడు లోపల మందేమన్నా కనపడిందా అండీ?"

"ఏం మందమ్మా?" అన్నాడాయన.

"ఇంగ్లీషు డాక్టర్లకు అది కనపడదులే" అంది అత్తయ్య.

ఇంటికొచ్చాక నాన్న కొంచెం కొంచెంగా, రోజంతా తినాల్సి వచ్చింది. అంత ఓపిక అత్తయ్యకు లేదు. పొయ్యి మళ్లీ అమ్మ చేతికొచ్చింది. పెట్టుడు మందు మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు, అవసరం కొద్దీ మర్చిపోయారు. ఒక మధ్యాహ్నం అమ్మ మెత్తగా పిసికిన పెరుగన్నం పెడుతుంటే నాన్న అన్నాడు: "ఇది రాచపుండని నాకు ముందే అనుమానమే. మా నాన్నా ఇట్టాగే నాలుగు ముద్దలకే కంచం తోసేవాడు."

"మరి తెలిసీ ఆ పసరెందుకు తాగారు?"

"మందైతే కక్కితే పోద్ది గదా అని."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అంటే నేను పెట్టుంటే బాగుండుననుకున్నారు."

నాన్న "అవునే" అన్నాడు.

"మీరు కక్కొచ్చారు. నేనెక్కడ కక్కను?"

నాన్న కంచం దగ్గరికి లాక్కుని, మిగిలింది తనే తిన్నాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ ఒక్క "అవునే" మాత్రం నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆయన తర్వాతి కోతల దాకా బతికాడు. ఆయన పోయాక మా ఊళ్లో ఏ మగాడు తిండి తగ్గించాడని తెలిసినా అమ్మ వాళ్లింటికి వెళ్లేది. మగాళ్లతో మాట్లాడేది కాదు. సరాసరి పెరట్లోకి వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలిని పక్కకు పిలిచి చెప్పేది: "ముందు నువ్వే గుంటూరు తీసకపోవే. ఆలస్యం చేశావంటే, నీ పేరు చెప్పి వినుకొండ తీసకపోతారు."