రెండు ఎర్ర జెండాల మధ్య భూరా

తవిటయ్య టాటానగర్ రైల్వేలో కీమేన్. రోజూ గమ్హరియా వైపు పట్టాల వెంట నడుచుకుంటూ, పట్టాలను పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే సుత్తితో బిగించడం అతని పని. ఆ సుత్తి మోతకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆ సంగతి తెలిస్తే లైను మీంచి తీసేస్తారని, డాక్టరు పరీక్షకి పోయినప్పుడల్లా కుడి చెవి ఆయన వైపు తిప్పి నిలబడేవాడు.

డెబ్భై తొమ్మిది వానాకాలంలో ఒకరోజు వంగి కీ కొడుతుంటే, రొట్టెముక్క కోసం వెంట తిరిగే గోధుమరంగు కుక్క భూరా అతని నిక్కరు పట్టుకుని లాగింది. తవిటయ్య దాని వంశాన్నంతా తిట్టి, సుత్తి ఎత్తుకుని వెంటబడ్డాడు. మూడంగలు వేశాడో లేదో, వెనకాల గూడ్సు బండి దడదడలాడుతూ పోయింది. ఎత్తిన సుత్తి దించడానికి చాలాసేపు పట్టింది.

ఆనాటి నుంచి తవిటయ్య ఎక్కడుంటే భూరా అక్కడే. బర్మామైన్స్ రేషన్ షాపు క్యూలో భూరా, మంగలి దుకాణంలో భూరా, పెళ్లి పందిట్లో భూరా. ఎవరైనా గొణిగితే ఒకటే మాట.

"ఇది లేకపోతే నా దినం బోజనాలు ఎప్పుడో తినీసుందురు మీరు!"

గొణిగినవాళ్లే పక్కకి జరిగి భూరాకి చోటిచ్చేవాళ్లు.

ఆ కార్తీకంలో తెలుగువాళ్ల వనభోజనాలు భుయ్యాడీహ్ దగ్గర, సువర్ణరేఖ ఒడ్డున జరిగాయి. భూరా ఏట్లో మునిగొచ్చి, బంతి మధ్య ఒళ్లు దులిపి, తెలుగు సంఘం సెక్రటరీ గోవిందరావు విస్తట్లో గారె ఎత్తుకుపోయింది. పొరుగు క్వార్టర్ నూకాలమ్మ కేకేసి, అందరూ వచ్చిన లారీ ఎక్కేసింది. సాయంత్రం దాకా దిగలేదు, మెతుకు ముట్టలేదు.

మరుసటేడు కార్తీకం ముందే గోవిందరావు తవిటయ్య ఇంటికి వచ్చాడు.

"తవిటన్నా, బురా మత్ మాన్నా, ఏటీ అనుకోకు. నువ్వు రా, వదిన్ని తే. కుక్క మాత్రం నహీఁ."

"అది రాకపోతే నానూ రాను."

తవిటయ్య భార్య దాలమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. నూటిరవై మందికి పులిహోర కలిపేది ఆవిడే.

"నువ్వు రాకుండా నానొక్కదాన్నీ ఏ మొకమెట్టుకుని ఎల్తాను? ఏడాదికొక్క రోజు పదిమంది ఆడోల్తోటి మన బాసలో నవ్వుకుంతాను. అదీ మానీమంతావేటి?"

"అది నా పేణం కాసిందే."

"కాసింది. రోజూ దానికి దండం ఎడతన్నాను. నీ పేణం కాసిందని నూకాలమ్మప్ప పస్తుండాలేటి?"

తవిటయ్య మొదటిసారి భూరాని ఇంట్లో కట్టేసి నూకాలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అప్పా, ఎందుకంత బయ్యం? అది కరవదు."

"సిన్నప్పుడొకటి కరిసింది. బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడిసినారు. కరిసీదేదో, కరవందేదో నా కడుపుకేటి తెలుసు? అదెక్కడుందో నాకు కనబడాల, అంతే. సెప్పాపెట్టకుండా ఎనకనించి వత్తే నా పేణం ఎగిరిపోద్ది."

వెనక నుంచి వచ్చేదాని సంగతి తవిటయ్యకి ఒకరు చెప్పాలా?

వనభోజనాల రోజు అతను లారీ ఎక్కలేదు. భూరాకి తాడు కట్టి, పార భుజాన వేసుకుని, తెల్లారకుండానే నడిచి వెళ్లాడు. బంతికి దూరంగా ఇసకలో తన డ్యూటీ ఎర్ర జెండాలు రెండూ పాతాడు. వాటి నడుమ మేకు దిగ్గొట్టి భూరాని కురచ తాడుతో కట్టాడు. పట్టా విప్పిన చోట బండ్లు రాకుండా రెండు వైపులా ఇలాగే పాతుతారు.

"ఏటన్నా, నదికి పట్టాలేసినారేటి?" అన్నాడు గోవిందరావు.

"లైన్ బ్లాకు. జెండా దాటీవోలు నన్నడిగి దాటాల. అది దాటదు."

పిల్లలు భూరాని ముట్టుకోవాలని జెండా దగ్గర వరస కట్టారు. "తాతా, ఛూ లేఁ క్యా?"

"ఒక్కొక్కలే రండ్రా. ముందు సెయ్యి వాసన సూడనియ్యండి."

మధ్యలో భూరా కాలకృత్యం తీర్చుకుంది. తవిటయ్య పారతో ఉరికి గొయ్యి తీసి కప్పెట్టాడు. అంతకు ముందే గోవిందరావు చిన్నకొడుకు అదే ఇసకలో అదే పని చేశాడు గానీ, వాడి వెనక పార పట్టుకుని ఎవరూ ఉరకలేదు.

నూకాలమ్మ జెండాలకి ఎదురుగా కూర్చుని, చూపు తిప్పకుండా తింది. పులిహోర రెండుసార్లు అడిగి వేయించుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, జెండాకి ఇవతలే ఆగింది.

"తాడు గట్టిదేనా?"

"ఇంజన్ని కట్టొచ్చప్పా."

ఆవిడ కొంగు చాటు నుంచి గారె తీసి విసిరింది. అది భూరా మూతికి జానెడు దూరంలో పడింది. తాడు అందలేదు. భూరా గారెనీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. నూకాలమ్మ చీర పైకి దోపుకుని, జెండా దాటి ఒక్కంగ వేసి, కాలి బొటనవేలితో గారెని ముందుకి తోసి, అంతే వేగంగా వెనక్కి దూకింది.

తవిటయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"నాకెందుకురా దండం? కుక్కకెట్టు."

"దానికి రోజూ ఎడతన్నాను అప్పా. ఇది నీకు."

"సాల్లే సంబడం. నువ్వు తిన్నావేటి?"

తవిటయ్య బుర్ర అడ్డంగా ఊపాడు. బ్లాకు వదిలిపెట్టి ఎలా పోతాడు?

నూకాలమ్మ గుండిగల వైపు తిరిగి, ఆడవాళ్ల నవ్వులన్నిటి మీదా వినబడేలా కేకేసింది. "ఓలె దాలమ్మా! మీ ఆయన పస్తున్నాడే! ఇస్తరాకు ఇలాగంపు, నాను ఒడ్డిత్తాను!"