పగలని నంబరు

మొన్న ఆటో అతను దగ్గరి దారంటూ రెజిమెంటల్ బజార్‌లోని ఓ సందులోకి తిప్పాడు. పదకొండేళ్లుగా ఆ సందును ఎంత జాగ్రత్తగా తప్పించుకు తిరుగుతున్నానో పాపం అతనికి తెలియదు. ఆకుపచ్చ గేటు ముందు, దారికి అడ్డంగా స్టూలెక్కి, చాచా గేటుకు రంగు వేస్తున్నాడు. ఆటో ఆగింది. గేటు మీది పాత తెల్లంకెల్ని మాత్రం చెరపకుండా చుట్టూ పూస్తున్నాడు: 1022117.

ఒకప్పుడు ఆ ఇంటి మేడమీద నేను అద్దెకుండేవాణ్ణి, కింద చాచా. రైల్వేలో గూడ్సు బోగీల మీద నంబర్లు రాసి రిటైరైన మనిషి. రంగు ఆరేలోగా తోటివాళ్లు బీడీ కాల్చుకుంటే, ఈయన రాసిన నంబరును శేషం లేకుండా ఏది భాగిస్తుందా అని చూసేవాడు. దాన్ని పగలగొట్టడం అనేవాడు. రిటైరయ్యాక బోగీలు పోయి రసీదులు మిగిలాయి. ఓ రసీదు మీది ఈ ఏడంకెల నంబరు ఎంతకీ లొంగలేదు. రెండు, మూడు, ఐదు, ఏడు అంటూ ప్రధాన సంఖ్యలన్నిటితో, కాలిక్యులేటర్ ముట్టకుండా, 997 దాకా భాగించి ఓ పొద్దున మెట్లెక్కి వచ్చాడు.

"సార్, వెయ్యి దాకా చూసిన. పగుల్తలేదు. ఇంకా పోవాల్నా, చాలా?"

నేను ఎమ్మెస్సీ, గణితం. కాలేజీలో చెప్పేదీ అదే. వర్గమూలం దాకా చూస్తే చాలు. దీని వర్గమూలం 1011కి వెంట్రుకవాసి తక్కువ. వెయ్యి దాటాక అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్య ఒక్కటే, 1009. ఇంకొక్క భాగహారం. కానీ నేను ఇడ్లీ తింటున్నాను. చెయ్యి కడుక్కోవాలి. "చాలు చాచా, ప్రైమే" అన్నాను.

సాయంత్రానికల్లా నంబరు గేటెక్కింది. "పగలని నంబరు. పైన సార్ పాస్ చేసిండు" అని వచ్చేపోయేవాళ్లకు చూపించేవాడు. చాయ్ హోటల్లో నాకు కుర్చీ ఖాళీ చేసేవారు. నేను కూర్చునేవాణ్ణి కూడా. ఓ నెల తర్వాత గేటు గొళ్లెం వేస్తూ చూశాను కదా, 1011 వర్గానికి అది సరిగ్గా నాలుగు తక్కువ. నాలుగూ వర్గమే. రెండు వర్గాల భేదం, ఎనిమిదో తరగతి పాఠం: 1009 ఇంటూ 1013. చాచాకు చెప్పలేదు. నీళ్ల ఇబ్బందని చెప్పి ఇల్లు మారాను. నీళ్లు బాగానే వచ్చేవి.

ఇప్పుడు ఆటో దిగాను. "చాచా, ఆ నంబరు..." అన్నాను.

ఆయన కుంచె ఆపలేదు. "వెయ్యి తొమ్మిది. మాలుమ్ సార్. మీరు ఖాళీ చేసిన్నాడే భాగించి చూసిన. నీళ్లు మంచిగనే వస్తున్నయ్, సార్ ఎందుకు పోయిండా అని."

"మరి చెరిపెయ్యలేదేం?"

"బజారంతా మీ పేరే చెప్పిన గద. తుడిస్తే మీ ఇజ్జత్ ఏంగావాలె? జెర ఈ స్టూల్ పట్టుండ్రి, ఊగుతుంది."

పట్టుకున్నాను. ఆయన చివరి ఏడును మళ్లీ తెల్లగా దిద్దాడు. ఆ రోజు చెయ్యి కడుక్కోవడానికి అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషం మిగుల్చుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.