ఉంగి పోడులో పూరేడు గూడు

ఉంగికి కుదురు లేదు. మా ఊరొచ్చి రెండేళ్లయినా ఆమె ఒకచోట నిమ్మళంగా కూర్చోగా నేను చూడలేదు. 2006లో ఛత్తీస్‌గఢ్ వైపు గొడవల్లో తన ఊరు తగలబడితే, ఇద్దరు ఆడపిల్లల్ని పట్టుకుని అడవిలో పడి ఇవతల మా చర్ల దాకా నడిచొచ్చింది. ఊరి చివర గుడిసె వేసుకుంది. మిరప చేలల్లో కూలికి పోయి తెలుగు నేర్చింది. అన్నం తింటున్నా చూపు దారి మీదే ఉంటుంది. అలాంటి మనిషి మూడు రోజులు ఒక కంపకుప్ప పక్కన కదలకుండా ఉండి నా ప్రాణం తోడేసింది.

నా పోడు, ఆమె పోడు పక్కపక్కనే. ఎండాకాలంలో చెట్లూ కంపా నరికి ఎండబెడతాం. వానలకు ముందే కాల్చి, ఆ బూడిదలో జొన్న చల్లుతాం. తడిస్తే కంప అంటుకోదు, ఏడాది తిండికి ఎసరే. పక్కపక్క పోడులు గాలి చూసుకుని ఒకే రోజు కాల్చడం మా పద్ధతి. ఒకరు ముందు అంటిస్తే మంట రెండోవాళ్ల దాంట్లో పడుతుంది.

రెండువేల ఎనిమిదిలో మే నెల పోకముందే మబ్బులు కమ్మాయి. ఊళ్లో అందరూ కాల్చేశారు, మావే మిగిలాయి. అగ్గిపెట్టె తీసుకుని పోతే ఉంగి అడ్డం నిలబడింది.

"అన్నా, ఇయ్యాల వద్దు. నా కంపల పూరేడు పొదుగుతున్నది. ఏడు గుడ్లు."

"పిట్ట కోసం పోడు ఆపుతరా ఎవలన్న? ఉచ్చులు పెట్టి నువ్వెన్ని తినలేదు?"

"తిన్న. ఇప్పుడైతే ఆగు."

ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే నేనొక ఉపాయం చెప్పాను. గూడు చుట్టూ కంప తీసేస్తే మంట అక్కడిదాకా రాదు కదా! ఇద్దరం కలిసి నేల కనబడేదాకా ఊడ్చాం. నిప్పు సంగతి మాకు బాగా తెలుసు. పిట్ట సంగతే తెలియలేదు. తిరిగొచ్చిన తల్లికి మరుగు లేదు. అరుస్తూ చుట్టూ తిరిగిందే గానీ గుడ్ల దగ్గరికి పోలేదు. ఉంగి కంపంతా మళ్లీ తెచ్చి కప్పింది. పిట్ట లోపలికి దూరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

మర్నాడు ఆకాశం ఉరిమింది. గట్టు మీద అటూ ఇటూ తిరగలేక కేకలేశాను.

"నీ పిల్లలకు ఏం పెడతవ్? ఈ గుడ్లు పెడతవా?"

ఆమె తల తిప్పకుండానే అంది. "మా ఊరు కాలినప్పుడు మాకు కాళ్లున్నయ్, ఉరికినం. ఇవి ఎట్ల ఉరుకుతయ్?"

మబ్బు వైపు చూస్తూ గట్టు మీద కూర్చున్నాను. కోపం మాత్రం పోలేదు.

మూడో రోజు పొద్దున ఉంగి చేయి ఊపి పిలిచింది. కంప సందులోంచి చూశాను. గుడ్డుకు చిన్న బొక్క పడింది. లోపలి ముక్కు పొడుచుకుంటూ చుట్టూ తిరిగి, పెంకును మూతలాగా కోసింది. తడి ముద్ద ఒకటి బయటపడి తూలింది. పూట తిరగకముందే ఏడూ వచ్చాయి. బొటనవేలంత లేవు. ఆరీ ఆరగానే లేచి నిలబడ్డాయి. మబ్బు సంగతే మరిచిపోయాను, నిజం.

తల్లి పిలిచింది. పిల్లలన్నీ వరసగా వెంట నడిచాయి. నడిచి నడిచి, గట్టు దాటి నా పోడులోకి దూరాయి.

ఉంగి నా చేతిలోని అగ్గిపెట్టె వంక చూసింది. నోరు తెరిచి ఏదన్నా అంటే బాగుండేది, తిట్టేవాణ్ణి.

అగ్గిపెట్టె జేబులో పెట్టి కంపలో దూరాను. ఇద్దరం కర్రలతో మెల్లగా తడుతూ వాగు వైపు తోలాం. తల్లీ, ఐదు పిల్లలూ బయటపడ్డాయి. మిగిలిన రెండింటి కోసం మోకాళ్ల మీద పాకాం. అవి దొరికాక ఉంగి వాటిని కొంగులో వేసుకుని వాగు దగ్గర వదిలేసరికి వాన దిగింది.

తర్వాత ఎండ కాసినప్పుడు అంటిస్తే రెండు పోడులూ సగమే కాలాయి. ఆ ఏడు మా ఇళ్లలో రోజుకు ఒక్క పూటే పొయ్యి వెలిగింది. అందరూ కాల్చుకుంటుంటే నువ్వేం చేశావని నా భార్య ఇప్పటికీ నిలదీస్తుంది. వాన ముందొచ్చిందని చెప్తాను. ఉంగి పక్కనుంటే, నిజమేనా అని ఆమెనే అడుగుతుంది.

"అవ్, ముందే వచ్చింది" అంటుంది ఉంగి.