నోటి చుట్టూ పొక్కులు, ఒడిలో పాప

మొన్న మనవరాలు వచ్చి నా మంచం మీద కూర్చుని, నోటి చుట్టూ లేచిన ఎర్రని పొక్కులను అద్దంలో చూసుకుంటూ దిగులుపడుతుంటే, డాక్టరు ఏం చెప్పాడని అడిగాను. రాసుకునే క్రీములన్నీ మానేసి ఉత్త నీళ్లతో కడుక్కోమన్నాడట. అంతదూరం పోయి చెప్పించుకున్నది ఇంతేనా అని దానికి చిన్నతనంగా ఉంది. నాకు మాత్రం ఆ మాట వినగానే చింతగింజల లప్పం వాసన వచ్చింది. నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, కొన్ని వాసనలు మనిషిని ఎక్కడికో ఎత్తుకుపోయి అక్కడే కూర్చోబెడతాయి.

నిర్మల్‌లో మా అత్తగారింట కొయ్యబొమ్మలు చేసేవారు. తెలంగాణ ఆంధ్రతో కలిసిన కొత్త రోజులవి. పొనికి కర్రను మామ చెక్కేవాడు, అత్తమ్మ దాని మీద నున్నగా లప్పం పూసేది, మా ఆయన రంగులు వేసేవాడు. చిలుకకు కన్ను, జామకాయకు తొడిమ, పగిలిన దానిమ్మలో ఎర్రని గింజలు, ఆ సన్నని పనంతా నాది. పొద్దుటి ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఆరబెట్టిన చిలుకలన్నీ ఇక ఎగురుతాయేమో అన్నట్టుండేవి. నేను వాటి నడుమ కూర్చుని, కుంచె మొనను పెదవుల మధ్య తిప్పి సూదిలా చేసుకుని కళ్లు దిద్దేదాన్ని. మా వీధిలో అందరూ అంతే. కుంచె నోట్లో పెట్టకుండా బొమ్మకు కన్ను దిద్దవచ్చని ఎవరికీ తోచలేదు.

పాప పుట్టి, పురిటి రోజులు గడిచి, మళ్లీ కుంచె పట్టిన కొన్నాళ్లకు నా నోటి చుట్టూ, గడ్డం మీదా సన్నని పొక్కులు లేచాయి. మంట, దురద, మాట్లాడితే చర్మం లాగేది. ఒకరు సర్పి అన్నారు, ఒకరు బల్లి పారిందన్నారు. పసుపు పెట్టాం, వేపాకు నూరి రాశాం, వెన్న పూశాం. దవాఖానలో ఇచ్చిన మలాము రాస్తే జర తగ్గినట్టే తగ్గి, రాయడం మానగానే ఇంకా ఎక్కువైంది. నా దిగులు ముఖం గురించి కాదు. బిడ్డకు అంటుకుంటుందని అత్తమ్మ ముద్దు పెట్టనిచ్చేది కాదు. పాలిచ్చేటప్పుడు కూడా నోటికి కొంగు అడ్డం కట్టుకోవాల్సిందే. ఒడిలో నవ్వే పిల్లను చూస్తూ పెదవులు బిగబట్టుకుని కూర్చోవడం ఎట్లా ఉంటుందో తల్లులకు చెప్పనక్కరలేదు. ఆగలేక నా నుదురు దాని నుదుటికి ఆనించేదాన్ని. వెచ్చగా, పాలవాసనగా ఉండేది.

ఆ ఏడే మామ అన్నగారు పోయారు. పాలివాళ్లం కనుక దినాలు అయ్యేదాకా ఇంట్లో పసుపు లేదు, నూనె లేదు, కుంచె ముట్టింది లేదు. నా ముఖానికి ఏదో ఒకటి రాసేవాళ్లూ లేకపోయారు. మెల్లగా పొక్కులు ఎండడం మొదలైంది. మైల తీరి పనిలో కూర్చున్నానో లేదో, గడ్డం మళ్లీ ఎర్రబడింది. అత్తమ్మ లప్పం గిన్నె పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుని, చాలాసేపు నన్నే చూసింది. కుంచె నోటి దాకా పోగానే నా చెయ్యి పట్టుకుంది.

“గీ రంగే తింటున్నది పిల్ల మొఖాన్ని,” అన్నది కొడుకుతో.

మా ఆయన నవ్వి, తాతల నాటి నుంచీ నోట్లోనే పెడుతున్నాం, ఎవరికేమైందన్నాడు.

“మీ తాతల ఒళ్లె పాలు తాగే బిడ్డ లేకుండె. దీని ఒళ్లె ఉన్నది.”

అత్తమ్మ తన పాతచీర చింపి, తడిపి, నా మోకాలికి చుట్టింది, కుంచె మొన దాని మీద తిప్పుకోమని. ముఖానికి పసుపుతో సహా అన్నీ బందు పెట్టింది. అలవాటు లేక మొదట్లో చిలుకలకు మెల్లకన్ను వచ్చేది. గివి అంగడికి పోతే తొవ్వ తప్పుతయని మా ఆయన ఎక్కిరించేవాడు. పొక్కులు ఒక్కసారిగా పోలేదు, ఒక్కోటి అలిగి పోయినట్టు పోయాయి. వానలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున అత్తమ్మ నా గడ్డం పట్టి ఎండకు తిప్పి చూసి, పాపను తెచ్చి ఒడిలో వేసింది.

“ఇగ ముద్దు పెట్టుకో, కడుపునిండ.”

నేను వంగేలోపే పాప కళ్లు మూసుకుని, అలవాటుగా నుదురు ముందుకు పెట్టింది.

అత్తమ్మ లేదు, మా ఆయన లేడు. ఇప్పుడు ముఖం మీద ఏది లేచినా ఫోన్లో ఫొటో తీసి ఎవరికో పంపుతారు. పని పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, అంతసేపు చూసే మనిషి ఇళ్లలో కనిపించడం లేదు. ఆ పాపకు కూడా తల నెరిసింది. మంచిర్యాల నుంచి వచ్చి గడపలో చెప్పులు విడిచినప్పుడల్లా, ఎందుకో తనకే తెలియకుండా, నా ముందు మొదట నుదురే వంచుతుంది.