నల్లమలకు నా డబ్బీ పోయింది, నేను పోలేదు

మా చిన్నప్పుడు మా మామ నాకొక మాట ఇచ్చాడు... "డబ్బీ నిండనియ్యి అల్లుడా, కాముని పున్నం పోయినంక నిన్ను నల్లమలకు తీస్కపోత" అని. తప్పాడు. నాకు తొంభై దాటాయి, ఇంకా మర్చిపోలేదు.

అది నిజాం కాలం. మాది పాన్‌గల్ దగ్గర మెట్ట పల్లె. మామ కుర్మయ్య అంటే మా అమ్మకు సొంత అన్న, ఖిల్లా ఘణపూర్ దిక్కున ఉండేవాడు. ఎండాకాలం మా వైపు గడ్డిపోచ మిగిలేది కాదు. అందుకని హోళీ పోగానే పశువులన్నిటినీ ఒక మందగా కలిపి తూర్పున నల్లమల అడవికి తోలేవారు. మళ్ళీ మిరుగం, అంటే మృగశిర కార్తె వానలు పడ్డాకే తిరిగి రావడం. మంద పెద్ద మా మామే. ఆ ఏడు మా ఎర్ర పెయ్య కూడా మందతో పోతోంది... దాన్ని పాలు మరిచేదాకా సాకింది నేను.

మందతో పోయే ప్రతి మనిషీ మొలకు చిన్న రేకు డబ్బీ కట్టుకునేవాడు. అడవిలో దారి తప్పితే, వెతికి పట్టుకునేదాకా ప్రాణం నిలిపేవన్నీ అందులో ఉండాలి. దానికొక కట్టుబాటు ఉండేది. డబ్బీ ఒక్కటే ఇంటిది. లోపలి వస్తువులు కొనకూడదు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి.

ఎందుకని అడిగితే మామ చుట్ట కొరుకుతూ అన్నాడు. "ఇచ్చినోళ్ళు ఊకుంటరారా? నీ కొడుకు వచ్చిండా, నీ కొడుకు వచ్చిండా అని మీ అమ్మను అడుగుతనే ఉంటరు. గంతమంది అడుగుతుంటే అడివి నిన్ను ఎట్ల దాచిపెట్టుకుంటది?"

మా అవ్వ తన నశ్యం డబ్బీ కడిగి ఇచ్చింది. అరచేతిలో పట్టేది. ఎంత కడిగినా మూత తీస్తే తుమ్ము వచ్చేది...

చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగాను. కొలిమి కాడి బాలయ్య తాత చెకుముకి రాయి, ఉక్కు ముక్క ఇచ్చాడు. పక్కింటి సాయమ్మ బూరుగు దూది ఇచ్చింది. ఎవరో పటిక బిళ్ళ, ఎవరో సొంఠి కొమ్ము, ముల్లు తీసే చిమ్టా... బొంతలు కుట్టే పోచమ్మ సూదికి దారం చుట్టి, ఇచ్చే ముందు చెవి పట్టుకుంది.

"ఎప్పుడొస్తవ్‌రా?"

"మిరుగానికి వస్త."

"సూది పారేసుకొని వచ్చినవనుకో, నీ చెవులు రెండూ కలిపి కుడత."

ఉప్పు కూడా పెట్టుకున్నానని చెబితే బాలయ్య తాత నెత్తి కొట్టుకున్నాడు. "దూది పక్కన ఉప్పా? ఉప్పు చెమ్మ పట్టి దూది తడుస్తది. నిప్పు పడదు. ఉప్పును మైనం గుడ్డల చుట్టుకోరా, తెలివిగల్లోడా."

డబ్బీ తల కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. కళ్ళు మూస్తే గంటల చప్పుడు... మోదుగు పూలు రాలిన దారి... పెయ్య వెనక నేను. అడవి ఎట్లుంటుందో తెలియదు. మా ఊళ్ళో పచ్చగా కనిపించేది బావి కింది వరి నారుమడి ఒక్కటే కాబట్టి, అడవిని కూడా అట్లాగే ఊహించుకునేవాణ్ణి. ఒక్క నారుమడి ఆకాశం దాకా...

మంద కదిలే రోజు మామ వచ్చాడు. వెంట తన కొడుకు రాములు. నాకంటే ఏడాది పెద్ద, నాకు బావ వరుస. వాడి మొలకు డబ్బీ లేదు. బద్ధకంతో ఒక్క ఇంటికీ పోలేదు.

"అల్లుడా, ఈయేడు రాములు వస్త అంటుండు. ఇద్దరు పిలగాండ్లను నేను చూడలేను. నీ డబ్బీ వానికియ్యి. వచ్చే యేడు నువ్వు."

నేను రెండు చేతులతో డబ్బీని పట్టుకున్నాను. అమ్మ దిక్కు చూశాను.

"ఇయ్యి బిడ్డా... అన్న నోరు తెరిచి అడిగిండు" అంది.

మంద వెళ్ళిపోయింది. దుమ్ము చాలాసేపు నిలబడింది.

ఆ ఎండాకాలం నేను ఇల్లు దాటడానికి భయపడ్డాను. "ఏందిరా, అడివి అప్పుడే ఒడిసిపోయెనా?" అని సాయమ్మ. "నా రాయి నల్లమలల ఉంది, నువ్వు ఈడ్నే ఉన్నవ్" అని బాలయ్య తాత. పోచమ్మ మాత్రం సూది మాటే ఎత్తలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మిరుగానికి మంద తిరిగొచ్చింది. రాములు ఒకరోజు వానలో దారి తప్పాడట. డబ్బీలోని దూదితో నిప్పు చేసుకుని, ఆ పొగ ఆనవాలుతో దొరికాడట. ఆ కథను మామ ప్రతి పెళ్ళిలో "మావాని డబ్బీ" అంటూ చెప్పాడు, పోయేదాకా. మా పెయ్య బాగా బలిసింది. నేను పిలిస్తే రాలేదు, రాములు వెనకే పోయింది.

ఆ మరుసటి యేడు పశువులకు గాలికుంటు రోగం వచ్చింది, మంద కదలలేదు. ఆ తర్వాత కాలం బాగాలేదు, గొడవలతో దారులు బాగాలేవు. పిమ్మట నన్ను వనపర్తికి చదువుకు పంపారు. అడవుల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. చెట్ల పేర్లు మూడు భాషల్లో చెప్పగలను. కారులో తీసుకుపోయి నల్లమల చూపిస్తానని మనుమడు అంటాడు. వద్దన్నాను. కారులో పోయేవాడికి ఎవరి ఇంట్లో ఏం అడిగే పని ఉంది? ఎవరు గుమ్మంలో నిలబడి, వచ్చాడా అని అడుగుతారు?

మామను ఎప్పుడో క్షమించాను. ఎవరైనా సొంత కొడుకునే చూసుకుంటారు. లోకమంతా అంతే అనుకున్నాను...

మీకూ ఇట్లాంటిది ఉంటే కింద రాయండి. డొంకతిరుగుడుగా కాదు, మీరు ఇంకా క్షమించలేని మనిషి పేరు పెట్టి రాయండి. ముందు నాది రాస్తున్నాను. నా చేతులు విడదీసి, మొలతాడు ముడి విప్పి, ఆ డబ్బీని రాములు మొలకు కట్టింది మా అమ్మ. పేరు ఈశ్వరమ్మ.